గోడ మీద మంచుకొండ

మాటల్లేని సినిమా. కథ లేదు. హీరోయిన్ లేదు. మంచు మీద ఎలా జారాలో, ఎలా మలుపు తిరగాలో నేర్పే పాఠమే సినిమా అంతా! అలాంటి చిత్రాలను జనానికి చేరవేసింది గోడల మీద అంటించిన రంగుల కాగితాలే. ఆ కాగితాలు కొందరి జీవితాలను మార్చేశాయి. కొందరి ఇళ్లలోంచి దోపిడీకి గురయ్యాయి. చివరికి కోర్టు మెట్లు కూడా ఎక్కాయి. వందేళ్ల కిందటి ఆటల సినిమాలూ, వాటి కాలపు పోస్టర్లూ చెప్పే కథ ఇది.

బెర్లిన్ నగరం. 1924 జూన్. నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్ భూగర్భ రైల్వేస్టేషన్.

ఇరవై ఒక్కేళ్ల నర్తకి ఒకామె రైలు కోసం ఎదురుచూస్తోంది. మోకాలికి దెబ్బ. నాట్యం ఆగిపోయింది. డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఎదురుగా గోడ మీద వరసగా పోస్టర్లు. ఏవో చూస్తూ, ఏదీ చూడకుండా నిలబడిన ఆమె కళ్లు ఒక్కచోట ఆగిపోయాయి. ఆకాశాన్నంటే రెండు బండలు. మధ్యలో చీలిక. దాన్ని దాటుతున్న ఒక మనిషి. కింద పాతాళం! సినిమా పేరు 'విధి పర్వతం'.

రైలు వచ్చింది. ఆగింది. వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. స్టేషన్ బయటికి వచ్చి ఆ సినిమా ఆడుతున్న హాలు వెతుక్కుంటూ వెళ్లింది. డాక్టరు సంగతి ఆ రోజుకి అంతే. కొన్నాళ్లకి ఆ సినిమా తీసిన దర్శకుణ్ని కలిసింది. ఆయన తర్వాతి చిత్రంలో కథానాయిక ఆమే.

ఆమె పేరు లెని రీఫెన్‌స్టాల్. తర్వాతి రోజుల్లో హిట్లర్ కోసం సినిమాలు తీసిన దర్శకురాలు. పై సంఘటనను తన ఆత్మకథలో ఆమే రాసుకుంది. ఆమె చెప్పినవన్నీ యథాతథంగా నమ్మలేమనే చరిత్రకారులు చాలామందే ఉన్నారు. కానీ ఆ సినిమా, ఆ తర్వాత జరిగిన కథ మాత్రం అక్షరాలా నిజం. ఇంతకీ ఆ పోస్టరు వెనక ఉన్న దర్శకుడు ఎవరు? ఆయన అంతకుముందు తీసినవి ఏమిటి? అసలు ముచ్చట అక్కడే ఉంది.

రాళ్ల డాక్టరు... రీళ్ల మాస్టారు

ఆయన పేరు ఆర్నాల్డ్ ఫాంక్. 1889లో పుట్టాడు. చదివింది భూగర్భశాస్త్రం. రాళ్ల గురించి పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. ఆయన ప్రాణం మాత్రం కొండల మీదా, మంచు మీదా ఉండేది. 1913లో స్కీలు కట్టుకుని ఆల్ప్స్ పర్వతాల్లోని మాంటె రోసా శిఖరం ఎక్కిన బృందంలో ఆయనా ఉన్నాడు. ఆ యాత్రను సెప్ ఆల్‌గయర్ అనే కెమెరామన్ చిత్రీకరించాడు. ఆ తెర బొమ్మ చూశాక ఫాంక్‌కి సినిమా పిచ్చి పట్టుకుంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది. 1920లో ఫాంక్ కొందరు మిత్రులతో కలిసి ఫ్రైబుర్గ్ పట్టణంలో సొంతంగా ఒక సంస్థ పెట్టాడు. పేరు 'పర్వత, క్రీడా చిత్రాల సంస్థ'. అదే ఏడాది తొలి సినిమా తీశాడు... 'స్కీల అద్భుతం'.

ఆ సినిమాలో ఏముందంటారా? మంచు. మంచు మీద జారే మనుషులు. ఎలా నిలబడాలి, మోకాళ్లు ఎంత వంచాలి, వేగాన్ని ఎలా అదుపు చేయాలి, పల్లం వైపు దూసుకుపోతూ ఎలా పక్కకి తిరగాలి... అంతే. ప్రేమ లేదు, విలన్ లేడు, కన్నీళ్లు లేవు. పంపిణీదారులు పెదవి విరిచారు. కథ లేని సినిమా ఎవరు చూస్తారన్నారు.

ఫాంక్ వాళ్ల గుమ్మం ముందు కూర్చోలేదు. తనే సభామందిరాలు అద్దెకు తీసుకుని సినిమా వేశాడు. కొండలెక్కేవాళ్లూ, మంచు ఆటలంటే ఇష్టమున్నవాళ్లూ వచ్చారు. వాళ్లను చూసి మామూలు జనం వచ్చారు. జీవితంలో స్కీలు కాలికి కట్టుకోనివాళ్లు కూడా నోరెళ్లబెట్టి చూశారు. బయట చలి, నిరుద్యోగం, యుద్ధంలో ఓడిన దిగులు. లోపల తెర మీద తెల్లటి వెలుగు! 1922లో రెండో భాగం వచ్చింది. ఆల్ప్స్‌లోని ఎంగడీన్ లోయలో సాగే 'నక్కవేట' అది. ఒకరు నక్కలా పారిపోతుంటే మిగిలిన స్కీయర్లంతా తరుముతారు. దొంగా పోలీసు ఆటన్నమాట. పాఠం పాఠమే, వినోదం వినోదమే.

కాలం నెమ్మదించిన వేళ

ఈ సినిమాల విజయం వెనక ఒక యంత్రం ఉంది. దాన్ని జర్మన్‌లో 'కాలానికి భూతద్దం' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. మనం స్లో మోషన్ అంటున్నది దాన్నే. ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ ముస్గర్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1904లో దానికి దారి వేశాడు. డ్రెస్డెన్‌లోని ఎర్నెమన్ కంపెనీ ఆ దారిలో కెమెరాలు తయారుచేసింది.

కిటుకు తేలికే. సినిమాను తెర మీద వేసేటప్పుడు ఒక సెకనుకి ఎన్ని బొమ్మలు నడుస్తాయో, తీసేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ తీస్తారు. తీసినవాటిని మామూలు వేగంతో వేస్తే రెప్పపాటులో అయిపోయే పని నిదానంగా సాగుతుంది. స్కీయరు గాల్లోకి లేచి, పక్షిలా తేలి, మెత్తగా మంచు మీద వాలతాడు.

గురువు పక్కన నిలబడి వందసార్లు చేసి చూపించినా పట్టుబడని మెలకువ తెర మీద ఒక్కసారి చూస్తే అర్థమైపోయేది. బరువు ఏ కాలి మీద పడుతోంది, భుజం ఎప్పుడు తిరుగుతోంది... అన్నీ కనబడేవి. ఇప్పుడు క్రికెట్ మ్యాచ్‌లో బ్యాట్స్‌మన్ అవుటయ్యాడో లేదో తేల్చడానికి రీప్లే చూస్తాం కదా, ఆ చూపు జనానికి అలవాటైంది ఇలాంటి సినిమాలతోనే.

ఆటలు నేర్పే సినిమాల మోజు ఒక్క జర్మనీకే పరిమితం కాలేదు. అమెరికాలో గ్రాంట్‌లాండ్ రైస్ అనే ప్రసిద్ధ క్రీడా విలేకరి పేరుతో 'స్పోర్ట్‌లైట్' అనే పొట్టి చిత్రాలు 1920ల్లో వరసగా వచ్చాయి. అసలు సినిమాకి ముందు వేసేవారు. ఇక గోల్ఫ్ మహారాజు బాబీ జోన్స్ 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లు గెలిచి ఆటకు వీడ్కోలు చెప్పగానే వార్నర్ బ్రదర్స్ సంస్థ ఆయన్ని కెమెరా ముందుకు తెచ్చింది. 'నేను గోల్ఫ్ ఎలా ఆడతాను' పేరుతో 1931లో 12 పొట్టి చిత్రాలు తీసింది. అప్పటికే సినిమాకి మాట వచ్చేసింది. అందుకని మూకీల మాదిరిగా చేతలతోనే కాక, జోన్స్ నోటితోనూ పాఠం చెప్పాడు. చుట్టూ హాలీవుడ్ తారలు చేరి తప్పుడు షాట్లు కొడుతూ నవ్వించారు.

సెయింట్ ఆంటన్ గురువుగారు

ఫాంక్ సినిమాల్లో మంచు మీద మెరుపులా మెరిసినవాడు హానెస్ ష్నైడర్. 1922 నాటి 'నక్కవేట'లో నక్క ఆయనే. నర్తకి రైలు వదిలేసుకుని చూసిన 'విధి పర్వతం'లోనూ ఆయన నటించాడు.

ష్నైడర్ 1890లో ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ ప్రాంతంలో, స్టూబెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1907లో పక్కనున్న సెయింట్ ఆంటన్‌లో ఒక హోటల్లో స్కీయింగ్ నేర్పే ఉద్యోగంలో చేరాడు. అప్పటిదాకా నిటారుగా నిలబడి, పొడవాటి కర్రను బ్రేకులా నేలకు నొక్కుతూ జారే పద్ధతి ఉండేది. ష్నైడర్ నడుం వంచమన్నాడు, మోకాళ్లు మడవమన్నాడు. ఒంటి బరువుతోనే మలుపు తిరగమన్నాడు. దాన్నే 'ఆర్ల్‌బెర్గ్ పద్ధతి' అన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు ఆ విద్యే నేర్పాడు. యుద్ధం తర్వాత సెయింట్ ఆంటన్‌లో స్కీయింగ్ బడి పెట్టాడు.

ఆ బడిలో ఒక కొత్తదనం ఉంది. వచ్చినవాళ్లను తరగతులుగా విడగొట్టేవాడు. ఏమీ రానివాళ్లు ఒక జట్టు, కాస్త వచ్చినవాళ్లు మరో జట్టు. ఒక మెట్టు వచ్చాకే పై మెట్టు. ఒకటో తరగతి, రెండో తరగతి లాగే! ఇవాళ ప్రపంచంలో ఎక్కడ స్కీయింగ్ నేర్చుకున్నా దాదాపు ఇదే వరస.

1925లో ఫాంక్, ష్నైడర్ కలిసి 'స్కీల అద్భుతం' పేరుతోనే పుస్తకం వేశారు. అందులో ఫొటోలతో పాటు సినిమా రీలులోంచి తీసిన బొమ్మలు వెయ్యికి పైగా అచ్చేశారు. ఒక్క మలుపుని పది పన్నెండు ముక్కలు చేసి వరసగా చూపారు. తెర మీద చూసి మర్చిపోయినవాళ్లు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 1933లో అది ఇంగ్లిషులోకి వెళ్లింది. ష్నైడర్ పేరు అప్పటికే సముద్రాలు దాటింది. 1930లో జపాన్ వాళ్లు ప్రత్యేకంగా పిలిపించుకుని పాఠాలు చెప్పించుకున్నారు.

చాకలిపద్దులోంచి పుట్టిన విద్య

సినిమా మూగది. రేడియో అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. టీవీ మాటే లేదు. మరి ఊళ్లోకి కొత్త సినిమా వచ్చిందని జనానికి తెలిసేదెలా? గోడే దిక్కు! కాబట్టి పోస్టరు అరిచినట్టుండాలి. నడిచిపోయేవాణ్ని చొక్కా పట్టుకుని ఆపాలి.

బెర్లిన్‌లో పోస్టర్లకు గోడలే కాదు, స్తంభాలూ ఉండేవి. కనబడిన ప్రతిచోటా కాగితాలు అంటించి ఊరంతా పాడుచేస్తున్నారని ఎర్నస్ట్ లిట్‌ఫాస్ అనే ముద్రాపకుడు ఒక ఉపాయం చెప్పాడు. వీధి మూలల్లో లావుపాటి గుండ్రటి స్తంభాలు కట్టి, ప్రకటనలన్నీ వాటి మీదే అంటించాలన్నది ఆ ఉపాయం. 1855లో మొదటివి లేచాయి. నేటికీ జర్మనీ వీధుల్లో అవి 'లిట్‌ఫాస్ స్తంభాల' పేరుతో నిలిచి ఉన్నాయి.

మరి అంత పెద్ద రంగుల బొమ్మలు ఎలా అచ్చేసేవారు? రాతితో! దాన్ని కనిపెట్టిన అలాయిస్ సెనెఫెల్డర్ మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునే మనిషి. వాటిని అచ్చేయించడానికి డబ్బుల్లేక చవక దారి వెతుకుతున్నాడు. 1796లో ఒకరోజు వాళ్లమ్మ చాకలిపద్దు రాయమంది. చేతికి కాగితం అందలేదు. ఎదురుగా ఉన్న సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాశాడు. ఆ రాతలోంచే శిలాముద్రణ పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు.

సూత్రం మన వంటింట్లోదే. నూనెకీ నీటికీ పడదు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాయిని నీళ్లతో తడుపుతారు. గీత లేనిచోట నీరు అంటుకుంటుంది. ఆపైన నూనె సిరా పూస్తే అది గీత ఉన్నచోటే పట్టుకుంటుంది. కాగితం పెట్టి అదిమితే బొమ్మ దిగుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఆరు రంగులైతే ఆరు రాళ్లు. అదీ తిరగేసి గీయాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా రంగు పక్కకి పోతుంది.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. తాతమ్మల పూజగదుల్లో వెలిగిన రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు ఇలా రాళ్ల మీద పుట్టినవే. 1894లో ముంబయిలో మొదలైన రవివర్మ ప్రెస్‌కి యంత్రాలూ నిపుణులూ వచ్చింది జర్మనీ నుంచే. తర్వాత ఆ ప్రెస్సుని కొనుక్కున్న ఫ్రిట్జ్ ష్లైషర్ కూడా జర్మన్ సాంకేతిక నిపుణుడే. అన్నట్టు, మన సినిమాకి పితామహుడైన దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీయడానికి ముందు ఆ ప్రెస్‌లో పనిచేశాడు. అంటే బెర్లిన్ గోడ మీది సినిమా బొమ్మకీ, మన గోడ మీది లక్ష్మీదేవి పటానికీ వెనకున్న పనితనం ఒక్కటే!

ఎత్తిన చెయ్యి

ఆటల పోస్టరుకి ఒక లక్షణం ఉంది. అది గుంపుని చూపదు. ఒక్క మనిషిని తీసుకుంటుంది. ఆ మనిషిని నేల మీంచి పైకి లేపుతుంది. ఆకాశం ముందు నిలబెడుతుంది. చూసేవాడికి 'నేనూ అలా కావాలి' అనిపిస్తుంది. పాఠాలు చెప్పే సినిమాకి అంతకంటే మంచి పిలుపు ఏముంది? కానీ అదే పిలుపుని వేరే పనికీ వాడుకోవచ్చు.

1925లో జర్మనీలో అతిపెద్ద సంస్థ ఊఫా 'బలానికీ అందానికీ దారులు' అనే మూకీ తీసింది. వ్యాయామం, నాట్యం, ఈత, ఆటలు... ఒంటిని ఎలా తీర్చిదిద్దుకోవాలో చెప్పే సినిమా. ఆరోగ్యం కోసం అన్నారు. అందులో తప్పేముంది? ఎనిమిదేళ్లు తిరిగేసరికి హిట్లర్ గద్దెనెక్కాడు. బలమైన ఒళ్లే మంచి ఒళ్లు, అది ఒక్క జాతిదే, మిగిలినవాళ్లకి చోటు లేదు అన్నాడు.

మ్యూనిక్‌లో లుడ్విగ్ హోల్‌వైన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. జర్మన్ పోస్టరు అనగానే చెప్పుకోవాల్సిన పేర్లలో ఒకటి. చిక్కటి రంగుల్ని పెద్దపెద్ద ముక్కలుగా పరిచి, గీత లేకుండానే మనిషిని నిలబెట్టే నేర్పరి. 1936 ఫిబ్రవరిలో గార్మిష్‌లో శీతకాల ఒలింపిక్స్ జరిగాయి. వాటి అధికారిక పోస్టరు వేసింది ఆయనే. కొండ ముందు స్కీలు పట్టుకున్న ఆటగాడు చెయ్యెత్తి నిలబడతాడు. అది గెలిచినవాడి సంబరమా, నాజీల వందనమా? రెండూ అనుకునేలా ఉంటుంది ఆ చెయ్యి. ఆ రోజుల్లో విదేశీ అతిథుల కంటపడకూడదని యూదులకు ప్రవేశం లేదన్న బోర్డుల్ని అక్కడ తాత్కాలికంగా తీసేశారు. పోస్టరు మాత్రం దేశదేశాల గోడలకు వెళ్లింది.

ఫాంక్ శిష్యులూ చీలిపోయారు. రీఫెన్‌స్టాల్ 1934లో నాజీ పార్టీ మహాసభ మీద తీసిన ప్రచార చిత్రానికి ముఖ్య కెమెరామన్ సెప్ ఆల్‌గయరే. మాంటె రోసా మంచులో నేర్చిన చెయ్యే అది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద ఆమె తీసి 1938లో విడుదల చేసిన 'ఒలింపియా'లో నెమ్మదిగా గాల్లో తేలే క్రీడాకారుల దృశ్యాలు చూస్తే 'స్కీల అద్భుతం' గుర్తుకురాక మానదు. ఫాంక్ కూడా 1940లో నాజీ పార్టీలో చేరాడు.

మరి గురువుగారు? ష్నైడర్ నాజీల దారిలోకి రాలేదు. 1938 మార్చిలో జర్మన్ సేనలు ఆస్ట్రియాలోకి అడుగుపెట్టిన వెంటనే ఆయన్ని పట్టుకెళ్లి జైల్లో వేశారు. తర్వాత గార్మిష్‌లో నిఘా కింద ఉంచారు. రెండేళ్ల కిందట చెయ్యెత్తిన పోస్టరు పిలిచిన ఊరే అది! హార్వే గిబ్సన్ అనే న్యూయార్క్ బ్యాంకర్ పూనుకుని బేరసారాలు నడిపాక విడుదల దొరికింది. 1939 ఫిబ్రవరిలో ష్నైడర్ కుటుంబంతో సహా అమెరికాలోని నార్త్ కాన్వే అనే కొండ ఊరికి చేరాడు. రైలు దిగేసరికి స్టేషన్‌లో బడిపిల్లలు స్కీ కర్రలు పైకెత్తి తోరణంలా పట్టుకున్నారు. వాటి కింద నుంచి ఆయన నడిచి వెళ్లాడు. చనిపోయేదాకా, అంటే 1955 వరకూ, అక్కడే పాఠాలు చెప్పాడు.

అందరికీ అంత అదృష్టం లేదు. సెయింట్ ఆంటన్‌ని పర్యాటక కేంద్రంగా నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ష్నైడర్ మిత్రుడు రుడాల్ఫ్ గోంపర్జ్. ఆయన పుట్టుక యూదుల ఇంట. 1942లో నాజీలు ఆయన్ని తరలించి చంపేశారు.

పళ్ల డాక్టరు పెట్టె

ఇదే బెర్లిన్‌లో హాన్స్ సాక్స్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. 1881లో పుట్టాడు. చదువుకునే రోజుల్లోనే పోస్టర్లు పోగేయడం మొదలుపెట్టాడు. చూసినవాళ్లు నవ్వారు. గోడకి అంటించి చింపేసే కాగితాన్ని దాచుకోవడమేమిటని! సాక్స్ పట్టించుకోలేదు. 1905లో పోస్టరు ప్రియుల సంఘం స్థాపించాడు. 'పోస్టరు' అనే పత్రిక నడిపాడు. పళ్లు చూసిన డబ్బులన్నీ కాగితాల మీదే పెట్టాడు. 1938 నాటికి ఆయన దగ్గర 12,500 పోస్టర్లు చేరాయి. ప్రపంచంలోనే అంత పెద్ద సేకరణ అరుదు.

సాక్స్ యూదు. 1938లో ఒకరోజు నాజీ రహస్య పోలీసులు వచ్చి పోస్టర్లన్నీ ఎత్తుకెళ్లారు. ప్రచార మంత్రి గోబెల్స్‌కి కావాలట! ఆ నవంబరులో సాక్స్‌ని నిర్బంధ శిబిరంలో పడేశారు. బయటపడగానే భార్యనూ, ఏడాది దాటిన కొడుకు పీటర్‌నీ తీసుకుని అమెరికా పారిపోయాడు. అక్కడ మళ్లీ పరీక్షలు రాసి పళ్ల డాక్టరుగానే బతికాడు.

పోస్టర్లు యుద్ధంలో నాశనమయ్యాయనుకున్నారు. 1961లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం పరిహారంగా 2,25,000 మార్కులు ఇచ్చింది. అయిదేళ్లకి తెలిసింది... వాటిలో కొన్ని తూర్పు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయని. మధ్యలో ఇనుప తెర. వెళ్లి అడిగే వీల్లేదు. వాటిని మళ్లీ కళ్లతో చూడకుండానే 1974లో ఆయన కన్నుమూశాడు.

జర్మనీ ఒకటయ్యాక కొడుకు పీటర్ కోర్టుకెక్కాడు. మ్యూజియం వాదన ఏమిటంటే... పరిహారం తీసుకున్నారు, పైగా గడువూ దాటిపోయింది అని. ఏళ్ల తరబడి నలిగిన కేసులో 2012 మార్చిలో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. పోస్టర్లు ఆ కుటుంబానివే, ఇచ్చేయాలంది. అలా 4,259 పోస్టర్లు అట్లాంటిక్ దాటాయి. పరిహారం సొమ్ముని పీటర్ వెనక్కి ఇచ్చేశాడు. 2013లో న్యూయార్క్‌లో వాటి వేలం మొదలైంది.

మ్యూజియంలో ఉంటేనే నలుగురూ చూసేవారు, అమ్మేయడం అన్యాయం అన్నవాళ్లున్నారు. అంత పెద్ద సంఖ్యలో మ్యూజియం కూడా గోడలకు తగిలించలేదు, ఇనుప అరల్లోనే ఉన్నాయి, ఎవరి సొమ్ము వాళ్లకి చేరడమే న్యాయం అన్నవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ బరువుంది. అయితే ఒకటి నిజం. దొంగ సొత్తుగా వచ్చినదాన్ని 'గడువు దాటింది' అనే ఒక్క మాటతో ఉంచేసుకోవడానికి మాత్రం కోర్టు ఒప్పుకోలేదు.

సినిమా పోయింది... కాగితం మిగిలింది

పాత పోస్టరుకి అంత విలువ ఎందుకు? దొరకదు కాబట్టి. పోస్టరు పుట్టుకే చావు కోసం. వారం తిరిగేసరికి దాని మీద మరొకటి అంటిస్తారు. వానకి నానుతుంది. ఎండకి వెలుస్తుంది. అమెరికాలో సినిమా ఆడటం అయిపోగానే పోస్టర్లు వెనక్కి తీసుకుని మరో ఊరికి పంపేవారు. చిరిగేదాకా వాడేవారు. యుద్ధకాలంలో కాగితం కొరతతో తుక్కుకి వేసేశారు. 1927 నాటి జర్మన్ మూకీ 'మెట్రోపొలిస్' పోస్టరు 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడుపోయిందంటే కారణం అదే. మిగిలిన ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సినిమాల సంగతి ఇంకా దారుణం. మూకీల రీళ్లు నైట్రేట్ ఫిల్మువి. అగ్గి తగిలితే బాంబులా అంటుకుంటాయి. దాచినా పొడిపొడిగా రాలిపోతాయి. అమెరికా జాతీయ గ్రంథాలయం 2013లో ఒక అధ్యయనం వెలువరించింది. ఆ దేశంలో తీసిన దాదాపు 11 వేల నిడివైన మూకీల్లో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనట! పెద్ద తారల సినిమాలకే ఆ గతి పడితే, ఈత నేర్పే చిత్రాన్నీ టెన్నిస్ నేర్పే చిత్రాన్నీ ఎవరు దాస్తారు? చాలావాటికి మిగిలే ఆనవాలు ఒక పోస్టరో, ఒక పత్రికా ప్రకటనో మాత్రమే.

మనవైపు పరిస్థితి చెప్పుకోకపోవడమే మేలు. మన దేశంలో మూకీల కాలంలో వెయ్యికి పైగా సినిమాలు తీస్తే దొరికినవి గుప్పెడు. తెలుగు సినిమాకి ఆద్యుడైన రఘుపతి వెంకయ్యనాయుడు సంస్థ నుంచి 1921లో వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇవాళ చూద్దామంటే లేదు. బాబూరావు పెయింటర్ తన 'కల్యాణ్ ఖజీనా' కోసం 1924లో వేసిన పోస్టరుని మన దేశంలో తొలితరం సినిమా పోస్టర్లలో ఒకటిగా చెబుతారు. 'నేడే చూడండి' అంటూ మైదాపిండి జిగురుతో గోడకెక్కిన కాగితాలు ఎన్ని వేలో! దాచినవాళ్లు ఎందరు?

మీ ఇంట్లో ఉందేమో చూడండి

తాతగారి ట్రంకుపెట్టె అడుగునో, పాత పుస్తకాల అట్టల కిందో, మూతపడిన సినిమాహాలు అటక మీదో ఒక పాత పోస్టరు ఉండొచ్చు. దొరికితే కంగారుపడి ఇస్త్రీపెట్టె తీయకండి.

* మడతలు పోవాలని గట్టిగా లాగొద్దు. 1980ల వరకూ పోస్టర్లను మడిచి పంపడమే వాడుక. మడత గీతలు ఉండటం లోపం కాదు, వయసుకి గుర్తు.

* చిరుగులకి సెల్లోటేపు అంటించొద్దు. కొన్నేళ్లకి జిగురు పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. నిపుణులు పల్చటి కాగితం, బట్ట వెనకవైపు అతికి బాగుచేస్తారు.

* లామినేషన్ అసలే వద్దు. ఒకసారి చేస్తే కాగితం చెడకుండా తీయడం అసాధ్యం.

* ఎండ తగిలే గోడకు తగిలించొద్దు. రంగుల్లో ముందు వెలిసేవి ఎరుపూ పసుపే.

* కొలత చూడండి. పాత అమెరికన్ సినిమా పోస్టరు మామూలుగా 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల ఎత్తు ఉంటుంది. 1980ల తర్వాతివి ఒక అంగుళం తగ్గాయి. తేడా చిన్నదే గానీ కొత్త నకలుని పట్టించేది ఇలాంటి అంగుళమే.

* భూతద్దంతో చూడండి. రాతి అచ్చులో రంగు సుద్ద గీసినట్టు గరుకుగా కనబడుతుంది. వరసలు తీరిన చిన్నచిన్న చుక్కలు కనబడితే అది ఫొటో నుంచి తీసిన అచ్చు.

* ఏమీ తోచకపోతే మంచి ఫొటో తీసి, పోస్టరుని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పొడిగా ఉన్నచోట పెట్టండి. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పాత పోస్టర్లనూ సేకరిస్తుంది.

బెర్లిన్ పళ్ల డాక్టరుని చూసి ఆ రోజుల్లో నవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆయన దాచిన కాగితాల కోసం మాత్రం ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. కాబట్టి ఈ ఆదివారం పూట అటక దులిపేటప్పుడు, పాత కాగితాల కట్టని తూకానికి వేసే ముందు... ఒక్కసారి విప్పి చూడండి!